పొయ్యి దేవుడి పెదవులు

ఏడాది చివరికొచ్చేసరికి లియన్‌షుకి పొయ్యి దేవుడంటే భయం పట్టుకుంది.

చైనాలో తావో మార్గం కొండల మీది ఆశ్రమాల్లోనే ఉండిపోలేదు, వంటిళ్ళలోకీ వచ్చింది. పొయ్యి పైన గోడకి కాగితం బొమ్మగా ఒక దేవుడుంటాడు. ఏడాదంతా అక్కడివాళ్ళ మంచీ చెడూ చూసి, చివర్లో పైకి వెళ్ళి స్వర్గంలో ప్రభువుకి చెబుతాడట. ఆ రోజు బొమ్మ నోటికి జిగురు పాకం పూసి, తర్వాత కాల్చి సాగనంపుతారు. పెదవులు అంటుకుపోతే చెడ్డమాట బయటికి రాదని.

లియన్‌షు సన్యాసినిగా ఉంటున్న కొండ మీది ఆశ్రమంలోనూ ఆ ఆచారం ఉంది. ఆ ఏడు పూసే వంతు లియన్‌షుది. గిన్నెలో సగం పాకం పూసేసింది.

గురువు మోజింగ్ బాగా పెద్దావిడ. కర్ర పోటేసుకుంటూ వచ్చి చూసింది.

"ఏమే, దేవుడికి పూస్తున్నావా, గోడకి మెత్తుతున్నావా?"

లియన్‌షు నవ్వలేదు.

"ఈయన నోరు తెరవకూడదు గురువుగారూ. కోతలప్పుడు మా అమ్మ వచ్చింది, మూడు రోజులు నడిచి. బంధాలన్నీ వదిలేశానని నాకప్పుడు పెద్ద గొప్ప. ధ్యానంలోంచి లేవలేదు. నాకు అమ్మ లేదని వాకిటికి కబురు పంపాను. తెచ్చిన మూట అక్కడే పెట్టి వెళ్ళిపోయింది."

"వెళ్ళకపోయావా తర్వాతైనా?"

"వెళదామనే అనుకున్నాను. మొదటి మంచు కురిసిన రోజున పోయిందట. నిన్న తెలిసింది."

మోజింగ్ గిన్నెలోంచి పెద్ద ముద్ద తీసి శిష్యురాలి నోట్లో పెట్టింది.

"నములు తల్లీ."

లియన్‌షు నమిలింది. పళ్ళు అంటుకుపోయాయి.

"మూటలో ఏం తెచ్చిందమ్మా మీ అమ్మ?"

దూది కుక్కి కుట్టిన చెప్పులు. కుట్లన్నీ వంకర్లు, చూపు ఆనక తడుముకుంటూ కుట్టినట్టు. ఆ కళ్ళతోనే కొండెక్కి వచ్చింది. ఇదంతా చెప్పాలని లియన్‌షు దవడలు కదిపింది. నోరు పెగల్లేదు. గొంతులోంచి ఏదో మూలుగు వచ్చింది, అంతే. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

మోజింగ్ గోడ మీది బొమ్మకేసి చూసింది.

"పాపం, ఆయనకీ చెప్పాలనే ఉంటుంది, మీ అమ్మ వచ్చిందని."

ఆవిడ కర్ర చప్పుడు నెమ్మదిగా దూరమైంది.

లియన్‌షు నీళ్ళు వెచ్చబెట్టింది. గుడ్డ తడిపి, కాగితం చిరగకుండా, కొంచెం కొంచెంగా ఆ పెదవులు తుడిచింది. ఎర్రరంగు గుడ్డకి అంటింది. అయినా ఆపలేదు.

తన నోట్లో పాకం కరిగేదాకా ఆగింది. తర్వాత బొమ్మను గోడ మీంచి తీసి, మొహానికి దగ్గరగా పట్టుకుంది.

"మూడు రోజులు నడిచింది. అది ముందు చెప్పండి," అంది. "నేనన్న మాట తర్వాత."