ఏడుపులో అన్న మాట

చిదంబరయ్యగారిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. బొబ్బిలి దగ్గర ఆయన మఠానికి వచ్చిపోయేవాళ్లందరికీ ఇది తెలుసు. కొత్తగా చేరిన శిష్యుడు భానోజీరావుకి మాత్రం తెలియదు. పాపం, అతను కోర్టులో ప్రశ్నలు వేసి జవాబులు రాబట్టుకున్న మనిషి. సర్కారు తరఫున వాదించే ప్రాసిక్యూటరుగా చేసి, రిటైరై, కంటి మీద కునుకు పట్టక ఇక్కడికి వచ్చాడు.

ఒకరోజు ఉదయం ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, అబద్ధమాడితే పాపం. సరే. తెలిసిన నిజం చెప్పకుండా ఊరుకుంటే?"

"ఏ నిజం నాయనా?" అన్నారాయన.

భానోజీరావు చెప్పుకొచ్చాడు. సన్యాసమ్మ అనే కూలిమనిషి ఇద్దరు పిల్లల్ని పూరింట్లో పడుకోబెట్టి, లేచి బయటికి పోతారేమోనని గొళ్లెం పెట్టి నీళ్లకు వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఇల్లు బూడిద. పిల్లలు దక్కలేదు. ఆ శవాల మీద పడి, "నా బిడ్డల్ని నేనే పొట్టన పెట్టుకున్నానర్రా!" అని గుండెలు బాదుకుంది. ముందురోజే మొగుడితో గొడవపడిందట. ఇంకేం, ఆ కోపంతో తనే ఇంటికి నిప్పంటించిందని కేసు కట్టారు. ఊళ్లోవాళ్లు విన్న ఆ ఒక్క మాటనే భానోజీరావు కోర్టులో ఒక్కొక్కరి చేతా చెప్పించాడు. చంపానని తన నోటితో తనే ఒప్పుకుందని వాదించాడు. యావజ్జీవం పడింది.

విచారణకు ముందే కరెంటు లైన్‌మన్ ఒకడు అతని ఇంటికొచ్చాడు. సన్యాసమ్మ ఇంటి కప్పుకి కరెంటు తీగ రాసుకుని నిప్పురవ్వలు రాలుతుంటే చూశానని, రేపు సరిచేద్దాంలెమ్మని వదిలేశానని చెప్పి ఏడ్చాడు.

"ఈ మాట కోర్టులో అంటే నీ ఉద్యోగం ఊడుతుంది. నోరు మూసుకుని ఇంటికి పో," అన్నాడు భానోజీరావు. ఆ సంగతి జడ్జికీ చెప్పలేదు, అవతలి వకీలుకీ చెప్పలేదు. గెలవబోయే కేసుని చేజేతులా చెడగొట్టుకోవడం ఎవరికిష్టం?

"సాక్షులు విన్నదే చెప్పించాను. ఒక్క ముక్క కల్పించలేదండీ," అని ముగించాడు.

"ఆ చింతపండులో పిక్కలు తియ్యి," అన్నారు గురువుగారు.

భానోజీరావుకి ఒళ్లు మండింది. అయినా కూర్చుని తీస్తున్నాడు. అంతలో ఆ ఊరి పైడమ్మ వచ్చింది. ఆవిడ కొడుకు పోయి నెల కూడా కాలేదు. గురువుగారిని చూస్తూనే అరుగు మీద కూలబడింది.

"నా కొడుకుని నేనే పొట్టన పెట్టుకున్నాను బాబూ! జొరమమ్మా అన్నా ఇనకుండా సంతకెల్లిపోనాను!"

"అయ్యయ్యో, అంత మాటనకమ్మా!" భానోజీరావే గబగబా లేచి, చేతులు పంచెకి తుడుచుకుని మంచినీళ్లందించాడు. "జ్వరమొస్తే నువ్వేం చేస్తావు? కన్నకడుపు కాబట్టి అలా అనిపిస్తుంది."

ఆవిడ నీళ్లు తాగి, కాస్త తెరిపిన పడి వెళ్లిపోయింది.

"కొడుకుని చంపానని ఒప్పుకుంది కదా," అన్నారు గురువుగారు. "పోలీసుల్ని పిలవలేదేం?"

"అదేంటండీ! అది ఏడుపులో అన్న మాట. బిడ్డ పోతే మనవైపు ఏ తల్లైనా అలాగే..."

అక్కడ ఆగిపోయాడు. తెలియక పొరపడ్డానని ఇన్నేళ్లూ తనకి తనే సర్దిచెప్పుకుంటూ వచ్చాడు. తెలియకపోవడమేమిటి! ఆ మాటకి అర్థం సన్యాసమ్మకి ఎంత తెలుసో అతనికీ అంతే తెలుసు. సిగ్గుతో కుమిలి కుమిలి ఏడ్చాడు. గురువుగారు వద్దనలేదు.

ఏడుపు తగ్గాక ఆయనే అడిగారు.

"ఆ లైన్‌మన్ ఉన్నాడా?"

"ఉన్నాడండీ."

"సన్యాసమ్మ?"

"ఉందండీ. జైల్లోనే."

"మరి నువ్విక్కడ ఉన్నావేం?" అన్నారు చిదంబరయ్యగారు.