చచ్చిన పెట్టె

అనగనగా ఒక రాజుగారు. ఆయనకో కారు, ఆ కారు ఇంజనును నడిపించే ఒక కంప్యూటరు పెట్టె. కారు ఆగినప్పుడల్లా మంత్రి వీరప్ప "పెట్టె చచ్చింది" అని తేల్చేసి కొత్తది బిగించేవాడు. నాలుగు రోజులు నడిచి మళ్లీ ఆగేది. మూడో పెట్టె కూడా పోయేసరికి, "డ్రైవరే కాల్చేస్తున్నాడు" అని పైడయ్యను చెరలో వేయించాడు.

కారు కొట్టంలోనే పనిచేసే పైడయ్య పెళ్లాం సింగారికి ఒళ్లు మండిపోయింది.

నాలుగో పెట్టెను మంత్రి రాజుగారి ఎదుటే అట్టడబ్బాలోంచి తీసి బిగించాడు. కారు గుర్రుమని లేచింది. మంత్రి పక్కనే ఉన్న సింగారి వైపు తిరిగాడు.

"చూశావుటే, కొత్త పెట్టె మహిమ!"

"కొత్తదెక్కడిది బాబూ? చచ్చిందని మొన్న తమరు పారేయించిన పెట్టెనే పొద్దున ఆ డబ్బాలో పెట్టాను. ఇది బతికే ఉంటే నా మొగుడు కాల్చిందేమిటి?"

సింగారి పెట్టెకు తగిలించిన తీగల కట్టను విసురుగా కదిపింది. ఇంజను ఆగిపోయింది. కట్ట ఊడదీసి చూపిస్తే పిన్నుల నిండా పచ్చటి చిలుము.

"జబ్బు ఇక్కడుంది మహారాజా! పెట్టె మార్చేటప్పుడు దీన్ని తీసి పెడతారుగా, ఆ రాపిడికి చిలుము కాస్త రాలి నాలుగు రోజులు నడుస్తుంది."

"అసలు చిలుమెందుకు పట్టింది?"

"ప్రతి శుక్రవారం మంత్రిగారు దిష్టి పోవాలని ఇంజను మీద బిందెడు పసుపునీళ్లు పోయిస్తే పట్టదా మరి?"

రాజుగారు కళ్లెర్రజేసి, "పైడయ్యను విడిపించండి! ఈ వీరప్పనేం చేయమంటావు?" అన్నారు.

"చెరెందుకులెండి. ఇకమీదట ఆ నీళ్లు ఆయన నెత్తినే పోయించండి. అక్కడ చిలుము పట్టేందుకు లోపలేమీ లేదుగా!"