పేరడిగే పేజీ

"మేడం, ఈ బ్రౌజర్లు తమ పేరు అబద్ధం ఎందుకు చెబుతాయి?" అని మాల్యాద్రి అడిగాడు. అడిగాడనడం కన్నా మీద పడ్డాడనడం సబబు. నెల్లూరులో సువార్త మేడం దగ్గర వెబ్ పేజీలను నడిపే జావాస్క్రిప్ట్ పని నేర్చుకుంటున్న వాళ్ళలో అతనికే చురుకు ఎక్కువ, ఓపిక తక్కువ. ఆ ఉదయం నుంచి కుర్చీలో నిమిషం నిలవలేదు.

కారణం లేకపోలేదు. ఒక కిడ్నీ ఆసుపత్రికి డయాలసిస్ వంతులు ఇచ్చే వెబ్ పేజీని అతను తయారు చేశాడు. ఆ రోజు నుంచి వంతు కావాలంటే ఆ పేజీలోనే తీసుకోవాలి. ఆసుపత్రిలో చీటీలు ఆపేశారు. రాసిన జావాస్క్రిప్ట్ ఒకటే అయినా ఒక్కో బ్రౌజరు దాన్ని ఒక్కోలా నడిపిస్తుందని మాల్యాద్రికి తెలుసు. అందుకే ముందు జాగ్రత్తగా, పేజీ తెరవగానే బ్రౌజరును నీ పేరేమిటని అడిగించాడు. తనకు తెలిసిన పేరైతే లోపలికి రానిచ్చి, తేదీ ఎంచుకునే రంగుల క్యాలెండర్ చూపించాడు. తెలియని పేరైతే 'మీ బ్రౌజర్ పనికిరాదు' అని అట్నుంచి అటే పంపించేశాడు. ఆ ఏర్పాటు చూసుకుని ముందు రోజంతా మురిసిపోయాడు కూడా.

తెల్లారేసరికి కావలి నుంచి మస్తాన్‌బీ అనే ఆమె ఫోన్ల మీద ఫోన్లు. "బాబూ, అంతా తెల్లగా వస్తా ఉంది. రేపు మా ఆయనకి డయాలసిస్ చేయించకపోతే ఊపిరాడదు. సాయంత్రం ఆరింటికి వంతులు మూసేస్తారంట కదా." ఆమె చేతిలో ఉన్నది చవక ఫోను. అందులోని అనామకపు బ్రౌజరు, పేరున్న ఇంకో బ్రౌజరు పేరు చెప్పుకుని లోపలికి వచ్చేసింది. తీరా క్యాలెండర్ ఇస్తే దాన్ని గీయడం చేతకాక ఊరుకుంది. మాల్యాద్రికి ఆమె మీద జాలి, ఆ బ్రౌజరు మీద కోపం రెండూ ఒక్కసారే కలిగాయి.

సువార్త మేడం ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి కాదు. ప్రశ్న అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని ఎక్కడికో బయలుదేరతారు. "నాకు ఇల్లు చూసుకునే పనుంది, రా అబ్బాయ్" అంటూ లేచారు. మాల్యాద్రికి ఒళ్ళు మండింది. అక్కడ ఒక మనిషికి ప్రాణం మీదికి వస్తే ఈవిడకు ఇప్పుడు ఇళ్ళ వేట. అయినా కాదనలేక బండి తీశాడు.

మొదటి ఇంటి గేటుకు టు-లెట్ బోర్డు వేలాడుతోంది. ఇంటావిడ గేటు తీయబోతూ, "పేరేందమ్మా?" అని అడిగింది.

"సువార్త."

ఆవిడ మొహంలో నవ్వు అలాగే ఉంది. చెయ్యి మాత్రం గడియ మీద నుంచి జారింది. "నిన్ననే ఇచ్చేసినామమ్మా. బోర్డు తియ్యడం మర్చిపోయినాం." మాల్యాద్రి ఏదో అనబోయేలోగా మేడం వెనక్కి తిరిగారు.

పక్క వీధిలో రెండో ఇల్లు. అక్కడా ముందు పేరే అడిగారు. "పద్మావతి" అన్నారు మేడం, తడుముకోకుండా. మాల్యాద్రి ఉలిక్కిపడి చూశాడు. గేటు బార్లా తెరుచుకుంది. మంచినీళ్ళు వచ్చాయి. ఇంటావిడ ఆప్యాయంగా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళి, "పూజగది చూడమ్మా, తూర్పు మొగం. నీకోసమే కట్టినట్టుండాది" అంది. మేడం ఆ గది బయటే నిలబడి తలూపారు. అద్దె వేళకు ఇస్తావా అనిగానీ, ఇంట్లో ఎందరుంటారనిగానీ ఆ రెండిళ్ళలో ఎవరూ అడగలేదు.

తిరుగుదారిలో మాల్యాద్రి బండి వేగం పెంచాడు. అతనికి సిగ్గేసింది. 'పనికిరాదు' అన్న మాట ఎవరో రాసింది కాదు, తానే టైపు చేశాడు. చదువుకుని బాగుందనుకున్నాడు కూడా.

ఆఫీసుకు రాగానే చెప్పులైనా విడవకుండా కూర్చుని పేర్ల వరస మొత్తం చెరిపేశాడు. దాని బదులు, క్యాలెండర్ గీయడం నీకు వచ్చా అని అడిగే నాలుగు ముక్కలు రాశాడు. వస్తే క్యాలెండర్, రాకపోతే తేదీ రాసుకునే మామూలు పెట్టె. తొందరలో తప్పు మీద తప్పు పడుతోంది. దిద్దుతున్నాడు, గడియారం చూస్తున్నాడు, మళ్ళీ దిద్దుతున్నాడు. ఆరు కావస్తుండగా కొత్త పేజీ పెట్టి తానే కావలికి ఫోన్ చేశాడు.

"ఇప్పుడు తెరవండమ్మా."

అవతల ఆమె ఫోను మీద వేలితో పొడుస్తున్న టిక్కుటిక్కులు వినబడ్డాయి.

"పెట్టె వచ్చింది బాబూ. తేదీ రాసినా. రేపు పొద్దున్నే రమ్మని పడింది" అంది మస్తాన్‌బీ. ఆ తర్వాత ఏడుపు వినబడింది. మాల్యాద్రికీ కళ్ళు చెమర్చాయి.

అయినా మనసు ఊరుకోదు కదా. మనం అడిగినా అడగకపోయినా, వచ్చిన ప్రతి బ్రౌజరూ పేజీని అందించే సర్వర్‌కు తన పేరు చెప్పుకునే లోపలికి వస్తుంది. మస్తాన్‌బీ ఫోను ఏం చెప్పిందో సర్వర్ చిట్టాలో చూశాడు. మళ్ళీ ఆ దొంగ పేరే. కుర్చీ గిర్రున తిప్పాడు.

"మేడం, పేరు చూసి పంపించడం మానేసినాం కదా. అది ఇంకా అబద్ధమే చెప్తా ఉందే?"

సువార్త మేడం సంచి భుజాన వేసుకుంటున్నారు.

"రేపు ఇంకో గడప ఎక్కాల కదా అబ్బాయ్" అన్నారు.