కాలు నిలవని నీలవేణి

అనగనగా గోదారి గట్టు వారన ఒక ఊరు. ఆ ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా పూతరేకులే. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి, కుండ మీద అలా లాగుతారు. పల్చటి రేకు లేచి వస్తుంది. ఎంత పల్చనంటే, నువ్వు తుమ్మావనుకో, అది వెళ్ళి అటకెక్కుతుంది. అందుకని ఆ ఊళ్ళో రేకులు తీసేటప్పుడు తలుపులు బిగించుకుని కూర్చుంటారు.

ఆ ఊళ్ళో తాయారు, వీర్రాజు అని ఆలుమగలు. వాళ్ళకి నీలవేణి అని ఒక్కతే కూతురు. మంచి పిల్ల. కానీ కాలు ఒకచోట నిలవదు. చెప్పింది సగం విని పరిగెడుతుంది. వీధిలో గేదె వెళ్తే చాలు, అన్నం వదిలేసి దాని వెనకాలే. ఎందుకలా? ఎవరికీ తెలీదు. దానికీ తెలీదు పాపం.

ఒకరోజు ఇంట్లోకి దూసుకొచ్చింది. రేకుల దొంతర కాస్తా పొడైపోయింది. వీర్రాజు కేకలేశాడు. పిల్ల ఏడ్చింది, మర్నాడు మళ్ళీ దూసుకొచ్చింది. ఆ తర్వాత "సాయంత్రం దాకా కుదురుగా ఉంటే జీళ్ళు కొంటాను" అన్నాడు. మధ్యాహ్నానికే ఆ మాట మర్చిపోయింది. అప్పుడేం చేశారంటే, రేకుల్ని దాచినట్టే దాన్నీ తలుపేసి తల్లి పక్కన కూర్చోబెట్టారు. ఆరోజు కుండే పగిలింది.

వీర్రాజుకి విసుగెత్తింది. "మా అక్క దగ్గరకి పంపేద్దాం. అక్కడి బడి గట్టిది. ఆదివారం వచ్చి తీసుకెళ్తుంది" అన్నాడు. తాయారుకి బిడ్డ లేని ఇల్లు తలుచుకుంటేనే ఏడుపొచ్చింది.

అప్పుడు తాయారు ఏం చేసిందో తెలుసా? పిల్లని చూడ్డం మొదలెట్టింది. ఉత్తినే చూడ్డం. ఇది ఎప్పుడు కుదురుగా ఉంటుంది, ఎప్పుడు ఉండదు?

చూడగా చూడగా ఒకటి తెలిసింది. "చేతులు కడుక్కో, బట్టలు మడతపెట్టు, చెంబు తే" అని వంటింట్లోంచి అరిస్తే ఏ పనీ అవదు. దగ్గరకెళ్ళి, భుజం మీద చెయ్యేసి, ఒక్క పని చెబితే అవుతుంది. ఆ తర్వాత ఇంకోటి తెలిసింది. చేసిన వెంటనే "భలే తెచ్చావే చెంబు" అంటే, రెండో పనికి తనే వచ్చి నిలబడుతుంది. మూడోది, గట్టు దాకా పరిగెత్తి వచ్చాక కాసేపు కుదురుగా కూర్చుంటుంది. కాసేపే సుమా.

మొగుడికి చెప్పింది. ఆయన నమ్మితేనా.

ఆదివారం మేనత్త సూరమ్మ వచ్చింది. నీలవేణి బట్టల సంచి గుమ్మంలో పెట్టారు. లోపల పెళ్ళివారికివ్వాల్సిన రేకులు పరిచి ఉన్నాయి. తాయారు కళ్ళు తుడుచుకుని, "నీలా, గట్టు దాకా పరిగెత్తి రా" అంది. పిల్ల రొప్పుకుంటూ వచ్చింది. తల్లి భుజం మీద చెయ్యేసి, "ఈ ఒక్క రేకుకీ నెయ్యి రాయి" అంది.

నాలుక బయటపెట్టి మరీ రాసింది. "ఎంత బాగా రాశావే" అంది తల్లి. అప్పుడు ఇంకోటి రాసింది. ఆ తర్వాత ఇంకోటి. సూరమ్మ నోరు తెరిచి చూస్తోంది. అంతలో తర్వాతి రేకు చిరిగింది.

పిల్ల బిక్కచచ్చిపోయి నాన్న వైపు చూసింది. తాయారు కూడా ఆయన వైపే చూసింది. వీర్రాజు లేచాడు. పిల్ల భుజం మీద చెయ్యేశాడు.

"మూడు బాగా రాశావమ్మా. పద, ఇంకోసారి గట్టు దాకా వెళ్ళొద్దాం. నేనూ పరిగెడతాను" అన్నాడు.

"మరి సంచి?" అంది సూరమ్మ.

"లోపల పెట్టెయ్ అక్కా" అని పంచె ఎగ్గట్టాడు.

కథేమో కంచి దారి పట్టె,
కునుకొచ్చి మన గడప మెట్టె.
గెంతే కాళ్ళకి గోదారి గట్టు,
మూతపడే కళ్ళకి అమ్మమ్మ జట్టు.