గుడ్డులోంచి వచ్చిన చారల సొర

అనగనగా ఒక అడవిలో... చెట్ల అడవి కాదర్రా, సముద్రం అడుగున ఉండే పగడాల అడవిలో! ఇలా దగ్గరికి జరగండి, చెబుతాను.

ఆ పగడాల మధ్య నాచుకు చిక్కుకుని, తోలుసంచిలాంటి గుడ్డు ఒకటి ఉంది. ఒక ఉదయం అది చిరిగి, జానెడు సొరచేప పిల్ల బయటికొచ్చింది. ఒంటినిండా నల్లచారలు. మనం దాన్ని బుజ్జి అందాం. అమ్మ లేదు, నాన్న లేడు. "నేనెవర్ని?" అనుకుంది పాపం.

అటుగా సుత్తిలాంటి తలతో ఒక సొర వచ్చింది. తలకి ఆ చివర ఒక కన్ను, ఈ చివర ఒక కన్ను!

"అత్తా, నేనెవర్ని?"

"చూస్తే సొరలాగే ఉన్నావే! ఒక్కటి గుర్తుంచుకో. సొర ఆగకూడదు. ఈదుతుంటేనే నీళ్ళు మొప్పల్లోకి పోతాయి. ఆగామా, ఊపిరాడక చస్తాం."

బుజ్జి హడలిపోయి ఈదడం మొదలుపెట్టింది.

ఇంతలో పడవంత తిమింగల సొర, గుహలాంటి నోరు తెరుచుకుని ఎదురొచ్చింది. ముగ్గుపిండి చల్లినట్టు ఒళ్ళంతా తెల్లచుక్కలు.

"తాతా, నన్ను మింగకు!"

"నిన్నా? నువ్వు నా గొంతు దిగవు తల్లీ! నేను నీళ్ళు వడగట్టుకుని నలుసంత జీవుల్ని తింటాను."

"మరి నువ్వూ సొరవేనా?"

"సొరనే!"

బుజ్జికి తల తిరిగింది. ఆవిడ సొర. ఈయనా సొర. మరి తను?

మూడోది నల్లరెక్కల సొర. మహా గడుసుది. "గుడ్డులోంచి వచ్చావా? నేను మా అమ్మ కడుపులోంచి పుట్టాను. నువ్వు సొరవేంటే, బల్లివి!"

"నేను సొరనే!"

"అయితే ఆగకుండా నాతో ఈదు, చూద్దాం."

బుజ్జి ఈదింది. ఇసుక మీద వాలమని ఒళ్ళు మొరపెట్టుకుంటోంది. 'అమ్మో, ఆగితే చస్తానే!' అనుకుని ఇంకా ఈదింది. రెక్కలు మొద్దుబారాయి. చివరికి రాయిలా ఇసుకలో పడిపోయింది.

"స్వామీ, ఇక నువ్వే దిక్కు" అంది.

చచ్చిపోయిందా పిల్లలూ? లేదు! దాని నోరు దానంతటదే తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. నీళ్ళు నోట్లోంచి లోపలికి, మొప్పల్లోంచి బయటికి. హాయిగా ఊపిరాడుతోంది!

నల్లరెక్కల సొర బిత్తరపోయింది. "ఆగినా చావలేదేంటే నువ్వు? అయితే నేనూ కాసేపు పడుకుంటాను" అని పక్కనే వాలింది. కాసేపటికే గిలగిల్లాడింది.

బుజ్జి కావాలంటే నవ్వుకోవచ్చు, కానీ నవ్వలేదు. ముట్టెతో దాన్ని పొడిచి లేపింది. "లే అక్కా, లే! నీ ఊపిరి దేవుడు ఈతలో పెట్టాడు. నాది నోట్లో పెట్టాడు. నువ్వు ఆగకు!"

నల్లరెక్కల సొర తోక విదిలించి జర్రున ముందుకు సాగింది. ఊపిరి అందాక వెనక్కి తిరిగి, "జాగ్రత్తే, సొరపిల్లా!" అంది.

విన్నారా? సొరపిల్లా అంది!

నీతి: దేవుడు ఒక్కొక్కరికి ఒక్కో తీరు ఇచ్చాడు, ఒకరిని చూసి మనది వదులుకోకూడదు, మనది తెచ్చి ఇంకొకరికి అంటగట్టకూడదు.