ఎదురుకాళ్ల దున్న, ఎలుగుబంటి నడుము

అనగనగా ఒక అడవిలో, ఇప్పపూలు టపటపా రాలే రోజుల్లో, కొండెలుగు అనే తల్లి ఎలుగుబంటి ఉండేది. దాని పిల్ల పేరు బుజబుజ. ఎలుగుబంట్లు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిప్పుతాయి, తెలుసా! మర్నాడే వాగు దాటి ఇప్పపూలకు ప్రయాణం. బుజబుజ ఒకటే గంతులు!

ఆ హుషారులో కొండెలుగు చెదల కోసం ఒక బండరాయి పట్టుకుంది. మోకాళ్లు వంచలేదు. నడుము వంచి, పక్కకు తిరిగి, ఒక్క ఊపున లేపింది. అంతే! నడుము కలుక్కుమంది. నొప్పి కాలి బొటనవేలి దాకా జరజరా పాకింది.

"అయ్యో! రేపు పిల్లను ఎలా ఎక్కించుకోను?" అని ఏడ్చేసింది.

నక్క పరుగున వచ్చింది. "దీనికే భయమా వదినా! ఎదురుకాళ్లతో, అంటే వెనక కాళ్లు ముందు బయటపడి, పుట్టినవాళ్లతో మూడు తన్నులు తన్నించుకో, ఇట్టే పోతుంది. మన దున్న గంగులు అలా పుట్టినవాడే!"

అడవంతా మూగింది. గంగులు కొమ్ములు విదిలించుకుంటూ వచ్చాడు.

ధన్! "ఒకటి!" అని అందరూ అరిచారు.

ధన్! "రెండు!"

కొండెలుగు కేక పెట్టింది. కాలంతా తిమ్మిరెక్కిపోయింది.

"ఇంకొక్కటే, ఓర్చుకో!" అంది నక్క.

బుజబుజ ఉరికి దున్న కాళ్లకు అడ్డంగా పడుకుంది. "మా అమ్మను తన్నొద్దు!"

అప్పుడే ముసలి అలుగు రొప్పుతూ వచ్చింది. ఒళ్లంతా ఉండలా చుట్టుకునే జంతువు కదా, వెన్నెముక సంగతులు దానికి కొట్టిన పిండి.

"తన్నేవాడు ఎలా పుడితే నీ నడుముకేంటే, పిచ్చిదానా! వెన్నుపూసల మధ్య తాటిముంజల్లాంటి మెత్తటి దిండ్లుంటాయి. ఒకటి జారి నరాన్ని నొక్కుతోంది. తన్నితే తగ్గుతుందా? ఒకటి రెండు రోజులు పడుకో. తర్వాత రోజూ కాస్త కాస్త నడువు. బరువులు ఎత్తకు. కాలు చచ్చుబడినా, మూత్రం రావడం ఆగినా వెంటనే నాకు కబురు పెట్టు."

"పూలు అయిపోతాయేమో అవ్వా!" అంది కొండెలుగు.

"పూలు మళ్లీ ఏడాది కూడా రాలతాయి. ముందు నడుము చూసుకో."

కొండెలుగు కళ్లు తుడుచుకుని సరేనంది. మొదట పుట్ట దాకా నడిచింది. తర్వాత మద్దిచెట్టు దాకా. నెల తిరిగేసరికి వాగు దాకా! ప్రతిరోజూ బుజబుజ పక్కనే నడిచింది.

వాగు ఒడ్డున కొండెలుగు దిగులుగా, "ఇంకా నిన్ను ఎక్కించుకోలేను నాన్నా," అంది.

"ఎందుకమ్మా? నీతో నడిచీ నడిచీ నా కాళ్లు గట్టిపడ్డాయి, చూడు!"

బుజబుజ రాయి మీంచి రాయి మీదికి దూకింది. ఒకటి! రెండు! మూడు! అవతల చివరి ఇప్పపూలు ఇంకా రాలుతూనే ఉన్నాయి. అడవంతా చప్పట్లు కొట్టింది. అందరికన్నా గట్టిగా అరిచింది గంగులే.

నీతి: నొప్పి పుట్టినప్పుడు ఎవరో చెప్పిన మొరటు వైద్యానికి లొంగకూడదు. తెలిసినవాళ్ల మాట విని, ఓపికగా కోలుకోవాలి.