నూకన్న గిన్నె

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే మామూలు ఊరు కాదు బుజ్జీ, ఓడలు కట్టే కోరంగి, అక్కడ ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. పెద్దవాడు మరిడయ్య, చిన్నవాడు నూకన్న. ఇద్దరూ రంగూను వెళ్ళే తెరచాప ఓడ మీద పనిచేసేవారు. అన్న వంట చేసేవాడు. తమ్ముడు తెరచాపల తాళ్ళు లాగేవాడు.

బయల్దేరే రోజున వాళ్ళమ్మ రేవు దాకా వచ్చి ఒకటే మాట చెప్పింది. "పెద్దోడా, ఆడికి ఆకలెక్కువ. ఆడి కడుపు నువ్వే చూసుకోవాలి."

ఓడ మీద ఎవరి గిన్నె వాళ్ళదే. కొయ్య గిన్నెలు, చూడ్డానికి అన్నీ ఒక్కలాగే ఉండేవి. అందుకని అడుగున ఎవరి గుర్తు వాళ్ళు చెక్కుకునేవారు. నూకన్న చేప చెక్కుకున్నాడు, మరిడయ్య గరిటె చెక్కుకున్నాడు. ఆ ఓడవాళ్ళకి ఒక ఆచారం ఉండేది. ఎవరైనా సముద్రంలో పోతే, ఆ మనిషి గిన్నె నిండా అన్నం పెట్టి, "ఇది తిని వెళ్ళు" అని నీళ్ళలో వదలాలి. గిన్నె ఓడ మీద ఉన్నంతకాలం మనిషి ఓడని వదలడు.

తిరిగొచ్చేటప్పుడు తుఫాను పట్టుకుంది. తెరచాప దింపుతూ నూకన్న జారి సముద్రంలో పడిపోయాడు. ఎంత వెతికినా దొరకలేదు. అప్పుడు సరంగు, అంటే ఆ ఓడ మీద పనివాళ్ళందరికీ పెద్ద, "మరిడయ్యా, తమ్ముడి గిన్నె వదిలెయ్యి" అన్నాడు.

మరిడయ్యకి చేతులు రాలేదు. ఎలా వస్తాయి చెప్పు, ఎత్తుకుని పెంచిన తమ్ముడాయె! అందుకని ఏం చేశాడంటే, తన గిన్నెలో అన్నం పెట్టి నీళ్ళలో వదిలేశాడు. తమ్ముడి గిన్నె బియ్యం బస్తాల వెనక దాచేశాడు. ప్రేమ ఉంటే ఉండొచ్చుగానీ, సముద్రంతో దొంగాటలా?

మర్నాడు పొద్దున్నే బస్తాల వెనక చూశాడు. గిన్నె నిండా ఉప్పునీళ్ళు. పైకప్పు కారిందేమో అనుకున్నాడు. తడిమి చూస్తే పైన చుక్క తడి లేదు.

ఆ తర్వాత మిట్టమధ్యాహ్నం, ఫెళ్ళున ఎండ కాస్తోంది. తెరచాప ఎత్తడానికి అందరూ తాడు పట్టుకున్నారు. మరిడయ్య కూడా ఓ చెయ్యి వేశాడు. సరంగు "హైలెస్సా" అంటే అందరూ "హైలెస్సా" అన్నారు. అందులో నూకన్న గొంతు వినిపించింది! మరిడయ్య తాడు వదిలేశాడు. "మా వోడి గొంతురా!" అని అరిచాడు. ఒక్కరూ తల తిప్పలేదు. తన అరుపు తనకే వినపడలేదు.

దగ్గరికి జరుగు బుజ్జీ. ఊఁ, నా కొంగు పట్టుకో.

ఆ తర్వాత దీపాలు పెట్టే వేళయింది. అందరూ అన్నాలకి కూర్చున్నారు. ఎప్పుడూ కూర్చునే చోటే నూకన్న కూర్చుని ఉన్నాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఎదురుగా ఆ దాచిన గిన్నే ఉంది. సరంగు జాలిగా, "ఏరా నూకన్నా, మీ అన్న పోయిన కాణ్ణించీ నోరే విప్పట్లేదు" అన్నాడు.

మరిడయ్యకి అప్పుడు అర్థమైంది. ఎవరి గిన్నె పోతే పోయినవాడు వాడే. ముందు తన ఒళ్ళు తనే తడుముకున్నాడు. తర్వాత, 'పోనీలే, నేను పోయినా తమ్ముడు బతుకుతాడు, అమ్మకి వాడు మిగులుతాడు' అనుకున్నాడు. పక్కన కూర్చుని అన్నం పెట్టాడు. నూకన్న తిన్నాడు. మళ్ళీ పెడితే మళ్ళీ తిన్నాడు. తిన్నదంతా నీళ్ళయి ఒంట్లోంచి కారిపోతోంది.

"అన్నా, ఎంత తిన్నా ఆకలి తీరట్లేదు. చలేత్తంది. నన్నెందుకు కట్టేశావు?" అన్నాడు నూకన్న.

మరిడయ్య భోరుమన్నాడు. ఏడుస్తూనే లేచి, ఆ గిన్నె నిండా వేడన్నం పెట్టాడు. పైన ఎండుచేప, వాడికి ఇష్టమైన చింతకాయ పచ్చడి. ఓడ అంచున వంగి, "ఇది తిని వెళ్ళు తమ్ముడా" అని వదిలాడు. గిన్నె కాసేపు ఓడని అంటుకునే తిరిగింది. తర్వాత మెల్లగా చీకట్లోకి వెళ్ళిపోయింది.

"మరిడయ్యా! పులుసు మాడిపోతంటే అక్కడేం చేత్తన్నావురా?" అని సరంగు కేకేశాడు. ఆ తిట్టుకే మరిడయ్య ప్రాణం లేచొచ్చింది. తమ్ముడి గిన్నె అందాక సముద్రం అతన్ని వదిలేసిందన్నమాట. తమ్ముడి చోట మాత్రం చెక్క తడిసి ఉంది.

ఓడ కోరంగి చేరింది. అమ్మకి ఎలా చెప్పాలో తెలీక మరిడయ్య గుమ్మం బయటే నిలబడిపోయాడు.

అమ్మ లోపల్నించి, "తెలుసురా, రా" అంది. "మొన్నో సాయంత్రం నూకడొచ్చి నువ్వు నిలబడ్డ చోటే నిలబడ్డాడు. బట్టల్లోంచి నీళ్ళు కారతన్నాయి. అన్నం పెడతాను రారా అన్నాను. 'వద్దమ్మా, అన్న పెట్టాడు. కడుపు నిండింది' అన్నాడు."

మరిడయ్య కిందికి చూశాడు. గుమ్మం ముందు మట్టి ఇంకా తడిగానే ఉంది.

గిన్నె నీటికి, కథ కంచికి, కునుకు నీ కంటికి, మనం ఇంటికి.